ట్యాంకు పక్కన ఎనిమిదో కాపురం

ఆ సోమవారం పొద్దున ఆమోసు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదకొండింటికి బడివాళ్ళు ఇల్లు చూడటానికి వస్తారు. ఈలోగా తను వన్ టౌన్ వెళ్ళి, తను మేనేజరుగా ఉన్న స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు తెరిపించి, పదిన్నరకల్లా తిరిగి రావాలి. భార్య మార్త ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉండి, వచ్చినవాళ్ళకి మైసూరు బోండాలు వేయాలి. కూతురు క్రిస్టినా గౌను నలగకుండా కూర్చోవాలి. తల్లి శౌరమ్మ ఏమీ చేయకుండా ఉండాలి. అన్నిటికన్నా కష్టమైనది ఈ చివరిదేనని ఆమోసుకి తెలుసు కాబట్టి, చెప్పులు వేసుకుంటూ మరోసారి హెచ్చరించాడు.

"అమ్మా, బడివాళ్ళొస్తే నువ్వేం మాట్లాడమాక. నమస్కారం పెట్టి కూర్చో, చాలు."

"నేనేం మాట్లాడతాన్రా? గడప తొక్కినోళ్ళకి మంచినీళ్ళన్నా ఇవ్వొద్దా?"

"ఇవ్వు. అంతవరకే."

ఇల్లు చూసేదేముంది అని మీరు అడగవచ్చు. నిజమే, చూసేదేమీ లేదు. గుణదలలో సెయింట్ ఆస్వాల్డ్ ప్రైమరీ స్కూలు వెనక గోడా, ఆమోసు ఇంటి పెరటి గోడా ఒకటే. ఆ బడి గంట కొడితేనే ఈ ఇంట్లో కుక్కరు దించుతారు. ఆ బడి పిల్లల బంతులు ఈ పెరట్లో పడితే శౌరమ్మ తిరిగి విసురుతుంది. రోజూ పొద్దున అవతల ప్రార్థన మొదలుకాగానే క్రిస్టినా ఇవతల బట్టలుతికే బండ ఎక్కి చేతులు జోడిస్తుంది. అవతల ఒకటో తరగతి టీచరు హాజరు పిలుస్తుంటే, ప్రతి పేరుకీ ఇవతలి నుంచి "ప్రెజెంట్ మిస్" అంటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆమోసు కూడా అదే బండ మీద నిలబడ్డాడు. అప్పుడు వాళ్ళ నాన్న ఫీజు కట్టలేక అతన్ని వీధి చివర మున్సిపల్ బడిలో వేశాడు. తనకి దక్కనిది కూతురికైనా దక్కాలని ఆమోసు పంతం. అతను లోకంలో కోరుకున్న పెద్ద కోరిక అదొక్కటే.

ఇక ఆ బడి నియమం వినండి. ఇల్లు కిలోమీటరు లోపు ఉన్నవాళ్ళ పిల్లలకే సీటు. వాళ్ళలో కూడా ఆ బడిలో చదువుకున్నవాళ్ళ పిల్లలకి మొదటి ప్రాధాన్యం. వాళ్ళందరికీ ఇచ్చాక మిగిలితే మిగతావాళ్ళకి. అంటే ఐదేళ్ళ పిల్లకి అక్షరాలు నేర్పాలా వద్దా అన్నది, ఆ పిల్ల పుట్టకముందు వాళ్ళ నాన్న ఏ బెంచీ మీద కూర్చున్నాడన్నదాన్ని బట్టి తేలుతుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు సంప్రదాయం. నాకైతే వేరే పేరు తోస్తుంది గానీ, పిల్లలు చదివే కథ కాబట్టి ఊరుకుంటున్నాను.

అయినా ఆమోసుకి ఆశ ఉంది. ఆ బడిలో చదివి బాగుపడ్డవాళ్ళెవరూ గుణదలలో మిగల్లేదు. కొందరు బెంజి సర్కిల్ వైపు, కొందరు కానూరు వైపు, మరీ బాగుపడ్డవాళ్ళు బ్యారేజీ దాటి తాడేపల్లి విల్లాల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళకి కిలోమీటరు నియమం అడ్డం. కాబట్టి సీట్లు మిగలాలి. ఎదురింటి ఫౌజియా లెక్క కూడా ఇదే. ఆమె మెడికల్ షాపులో ఫార్మసిస్టు. ఆమె కొడుకు అమన్‌దీ క్రిస్టినా ఈడే. ఇద్దరూ ఒకే రోజు దరఖాస్తు పెట్టారు. ఆ రోజు బడి గేటు ముందే నిలబడి ఆమోసు గట్టిగా అన్నాడు కూడా.

"ఇస్తే ఇద్దరికీ సీటు ఇవ్వాలి చెల్లెమ్మా. ఒక్కళ్ళకే ఇస్తామంటే, మాకొద్దు పొమ్మని మొహాన కొట్టి వచ్చేద్దాం."

"అంతే అన్నయ్యా," అంది ఫౌజియా. ఆమె ఆ మాటని నిజమని నమ్మింది.

ఇప్పుడు శౌరమ్మ చేసిన ఘనకార్యం చెప్పాలి. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళు వస్తాయి. ఊళ్ళ నుంచి జనం వస్తారు. కొండ కింద ఇళ్ళవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా వరండాలో చాప వేస్తారు. శౌరమ్మ ఇంట్లో అయితే ఆ మూడు రోజులూ కాలు పెట్టడానికి చోటుండదు. వచ్చినవాళ్ళు గుమ్మం మీది డోర్ నంబరునీ, పక్కన మేకుకి గుచ్చిన కరెంటు బిల్లునీ ఫోన్లో ఫొటో తీసుకుంటారు, జనంలో తప్పిపోతే ఆటోవాడికి చూపించవచ్చని. ఇది ఏటా జరిగేదే.

ఈ ఏడు తిరునాళ్ళప్పుడు బాబీ వచ్చాడు. ఆస్వాల్డు పూర్వ విద్యార్థుల సంఘానికి అతను అధ్యక్షుడు. నలభై దాటి, టైల్స్ షోరూములు రెండు పెట్టి, తాడేపల్లిలో విల్లా కట్టినా అందరికీ ఇంకా బాబీయే. శౌరమ్మకి మాత్రం అతనెవరో తెలియదు.

"అమ్మా, మేం మీ ఇంట్లో ఉంటున్నామని చెప్పుకుంటే మీకేం అభ్యంతరం లేదుగా?" అన్నాడు బాబీ.

"అభ్యంతరమేంటి నాయనా. చెప్పుకోకపోతే ఎట్టా? ఈ జనంలో తప్పిపోతే ఎవరు చేరుస్తారు?"

"మా అడ్రసు ఇదేనంటాం మరి."

"ఇదే అనుకో. మాత దగ్గరకొచ్చి చోటడిగితే లేదంటామా. ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురం."

"ఇంకో ఆరుగురున్నా సరిపోద్ది. తీసుకురా."

బాబీ ఆ మాటని అక్షరాలా తీసుకున్నాడు. ఫొటో తీసుకుని వెళ్ళి, సంఘంలో నమ్మకస్తులైన ఆరుగురికి విడివిడిగా, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, బడి దరఖాస్తులో రాసుకోమని ఆ డోర్ నంబరు ఇచ్చాడు. ఆ రాత్రి శౌరమ్మ ముగ్గురికి అదనంగా అన్నం వండి ఎదురు చూసింది. వాళ్ళు రాలేదు. పాపం ఎక్కడ తప్పిపోయారో అని కొండకి దణ్ణం పెట్టుకుని పడుకుంది. కొడుక్కి ఈ సంగతి చెప్పలేదు, చెప్పేంత వింత అందులో ఆమెకి కనబడలేదు.

సోమవారం ఆమోసు అటు వెళ్ళగానే, ఇటు వీధిలో పెద్ద కారు ఆగింది. బాబీ, అతని భార్య జెస్సికా, కొడుకు దిగారు. వాళ్ళ వెనక డ్రైవరు ఒక మడత మంచం, చెప్పుల స్టాండు, నిలువెత్తు ఫ్యామిలీ ఫొటో దించాడు.

"నెల దాటింది కదయ్యా," అంది శౌరమ్మ. "తప్పిపోయారనుకుని ఎంత దిగులుపడ్డానో. ఇంతసేపా?"

"ట్రాఫిక్ అండీ," అన్నాడు బాబీ.

అతని వెనకే ఇంకో కారు, దాని వెనక ఇంకోటి వచ్చాయి. ఏడు కుటుంబాలవాళ్ళూ ఒకరినొకరు గేటు దగ్గర చూసుకుని ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరూ మంచి బడిలో చదివినవాళ్ళు.

మార్త బోండాల పిండి చేత్తోనే భర్తకి ఫోన్ చేసింది. కొట్టు ముందు లారీలో నుంచి బిందెలు దించుతున్నారు. ఆ మోతలో ఆమోసుకి ఆమె కంగారు అర్థమైంది గానీ కారణం అర్థం కాలేదు.

"ఏవండీ, వాళ్ళు అప్పుడే వచ్చేశారు. చాలామంది ఉన్నారు."

"అప్పుడేనా? ఎంతమంది?"

"ఇరవై మందిదాకా ఉంటారు. బీరువా పక్కకి జరపమంటున్నారు. మన గదిలో కూడా సర్దుకుంటాం అంటున్నారు."

ఇరవై మంది తనిఖీకి వచ్చారంటే బడి ఎంత నిక్కచ్చిగా ఉందో అనుకున్నాడు ఆమోసు. "ఏమడిగితే అది చెయ్యి. ఎదురు చెప్పమాక. కుర్చీలు చాలకపోతే ఫౌజియాని అడుగు. నేను బయల్దేరుతున్నా."

భర్త చెప్పాక మార్త ఇంకేం చేస్తుంది? బీరువా జరిపింది. ఫౌజియా కుర్చీలూ, రెండు నవారు మంచాలూ తెచ్చింది. అరగంటలో ఆ రెండు గదుల ఇంట్లో మూలకొక కాపురం వెలిసింది. ఒకాయన కిటికీలో తన షేవింగు సామాను పెట్టాడు. ఒకావిడ వంటింటి గట్టు మీద తన మిక్సీ పెట్టి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు దాని మీద గుడ్డ కప్పింది. హాల్లో గోడకి మేకు ఒక్కటే ఉంది. దానికి వేలాడుతున్న ఆమోసు, మార్తల పెళ్ళి ఫొటో దించి, ఫ్రిజ్ వెనక పెట్టి, బాబీ తన ఫ్యామిలీ ఫొటో తగిలించాడు. శౌరమ్మ మాత్రం పెద్ద గిన్నెలో పప్పుచారు పెట్టేసింది. ఆలస్యంగా వచ్చినా అతిథులు అతిథులే.

పదకొండుకి బడి ప్రిన్సిపాలు డయానా మేడం ఒక్కతే వచ్చింది. ఆవిడా ఆస్వాల్డు బడిలో చదివి, అక్కడే టీచరై, అక్కడే ప్రిన్సిపాలైన మనిషి. గుమ్మంలో అడుగుపెట్టి బాబీని చూడగానే ఆవిడ మొహం వికసించింది.

"బాబీ, నువ్విక్కడ ఉంటున్నావా?"

"సింపుల్‌గా ఉందామని మేడం. బడికి దగ్గర కదా."

"రోజీ, నువ్వు కూడానా?"

"వెనక గదిలో మేడం," అంది మిక్సీ ఆవిడ.

తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, బడి పాట అందుకున్నారు. మేడం కూడా కళ్ళు తుడుచుకుంటూ గొంతు కలిపింది. మార్త ప్లేటు నిండా బోండాలు తెచ్చి నిలబడితే, మేడం ఒకటి తీసుకుని, "వంటమనిషిని కూడా పెట్టుకున్నారా? బాగుంది," అంది.

"వంటమనిషిని కాదండీ. ఈ ఇంటి కోడల్ని," అంది మార్త.

బాబీ తడుముకోలేదు. "అవును మేడం, ఓనరు గారి కోడలు. వాళ్ళు పైన ఉంటారు."

మేడం కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. "పైన నీళ్ళ ట్యాంకేగా ఉంది?"

"ట్యాంకు పక్కన," అన్నాడు బాబీ.

ఒక మనిషిని, ఆ మనిషి వండిన బోండా తింటూ, ఆ మనిషి ఇంటి పైకప్పు మీదికి ఎక్కించడం అందరికీ చేతనయ్యే పని కాదు. దానికి పెంపకం ఉండాలి.

బిందెల లారీ దారికి అడ్డం పడి ఆలస్యమైన ఆమోసు వచ్చేసరికి వీధి నిండా కార్లు. ఆటో మలుపులోనే దిగి పరుగున వచ్చి లోపలికి వెళ్ళబోతే, గుమ్మంలో డయానా మేడం అడ్డంగా నిలబడి ఉంది.

"ఎవరండీ మీరు?"

"ఈ ఇల్లు నాదండీ. మా పాప క్రిస్టినా సీటు కోసం."

మేడం జాలిగా చూసింది. "చూడండి, ఈ ఇంట్లో ఇప్పటికే ఏడు కుటుంబాలున్నాయి. నేను కళ్ళారా చూశాను. రెండు గదుల్లో ఎనిమిదో కుటుంబం ఎలా పడుతుంది? కాస్త నమ్మేలా చెప్పాలి."

"ఆ ఏడుగురూ ఎవరో నాకు తెలియదండీ. ఎవరూ ఇక్కడ ఉండరు. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి."

"నేను సాక్ష్యం మేడం," అంది ఫౌజియా ఎదురింటి నుంచి వస్తూ. "నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వీళ్ళు ఇక్కడే ఉంటున్నారు."

"మీరూ దరఖాస్తు పెట్టినవాళ్ళే కదమ్మా. మీ మాట సాక్ష్యం ఎలా అవుతుంది?" అని మేడం ఆమోసు వైపు తిరిగింది. "వాళ్ళందరూ మా పూర్వ విద్యార్థులు. మా బడిలో అబద్ధమాడటం నేర్పరు. మీరు ఎక్కడ చదివారు?"

"మున్సిపల్ బడిలో."

"అదీ," అంది మేడం.

అప్పుడే పెరట్లోంచి "ప్రెజెంట్ మిస్" అని వినిపించింది. అవతల ఇంటర్వెల్ అయ్యాక మళ్ళీ హాజరు మొదలైంది. మేడం అటు చూడకుండానే చెప్పులు వేసుకుంది. "ఈ అడ్రసు మీద ఇక ఖాళీ లేదు. మీరు నిజంగా ఎక్కడుంటారో తేల్చుకుని వచ్చే ఏడు పెట్టుకోండి," అని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఏడు కుటుంబాలూ బిర్యానీ తినడానికి హోటలుకి బయలుదేరాయి. సామాను మళ్ళీ వచ్చి తీసుకెళ్తాం అన్నారు. పప్పుచారు అలాగే ఉండిపోయింది.

ఆమోసు హాల్లో నేల మీద కూలబడ్డాడు. గోడ మీద బాబీ నవ్వుతున్నాడు. శౌరమ్మకి ఇప్పుడిప్పుడే విషయం తలకెక్కుతోంది. "తిరునాళ్ళకొచ్చినోళ్ళనుకున్నాన్రా," అంది మెల్లగా. ఆమెని తిట్టడానికి ఆమోసు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. చోటడిగిన మనిషికి చోటివ్వడం తప్పని తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? క్రిస్టినా వచ్చి, "నాన్నా, నన్ను ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగింది. ఆ ప్రశ్నతో అతనికి ఒళ్ళు మండిపోయింది. అలా మండినప్పుడు పుట్టిన ఆలోచన కాబట్టే అది అంత సూటిగా ఉంది.

"మార్తా, బట్టలు సర్దు. మనం ఇల్లు మారుతున్నాం."

"ఎక్కడికి?"

"బాబీ మన ఇంట్లో ఉంటున్నాడని ప్రిన్సిపాలే చెప్పింది. అంటే బాబీ ఇల్లు ఖాళీగా ఉన్నట్టే కదా."

ఫౌజియా ఒక్క నిమిషం ఆలోచించి, "నేనూ అమన్‌ని తీసుకుని వస్తా అన్నయ్యా. ఇద్దరికీ అనుకున్నాంగా," అంది.

ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు. తమ సామానూ, ఫౌజియా నవారు మంచాలూ కాక బాబీ మడత మంచం, చెప్పుల స్టాండు, ఫ్యామిలీ ఫొటో కూడా ఎక్కించారు. బ్యారేజీ దాటి తాడేపల్లి విల్లాల గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. బాబీకి ఫోన్ చేస్తే, అతను బిర్యానీ దగ్గర పాత స్నేహితులతో పాటలు పాడుతున్నాడు, ఎత్తలేదు. శౌరమ్మ ఆటోలోంచే మాట్లాడింది.

"బాబీ మా ఇంట్లోనే ఉంటున్నాడు నాయనా. ఇదుగో, ఆయన మంచం. ఇదుగో, ఆయన చెప్పులు."

వాచ్‌మన్ ఆటో వెనక నిలువెత్తు ఫొటోలో బాబీని చూశాడు. అంత దగ్గరి చుట్టాలు కాకపోతే ఫొటో ఎందుకు మోస్తారని గేటు తీశాడు. ఇంట్లో వంటమనిషి కూడా ఆ ఫొటోకే తలుపు తీసింది.

సాయంత్రం బాబీ ఇంటికొచ్చేసరికి హాల్లో అతని ఫొటో ఉండే మేకుకి ఆమోసు, మార్తల పెళ్ళి ఫొటో వేలాడుతోంది. సోఫా మీద శౌరమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పై బాత్రూములో స్నానాల తొట్టెలో క్రిస్టినా, అమన్ పడవలు వదులుతున్నారు.

"ఏంటిది? ఎవరు రానిచ్చారు మిమ్మల్ని? ఇది నా ఇల్లు," అన్నాడు బాబీ.

"మీరు గుణదలలో కదండీ ఉండేది," అన్నాడు ఆమోసు. "మా ఇంట్లో, హాల్లో, ఈశాన్యం మూల."

"తమాషాలొద్దు. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. ఎవరింట్లో ఎవరుంటున్నారో వాళ్ళే తేలుస్తారు. ఈలోగా మేడాన్ని అడుగుదాం." ఆమోసు ఫోన్ తీసి, డయానా మేడానికి కలిపి, స్పీకరు పెట్టాడు. "మేడం, నమస్కారం. బాబీ గారు ఎక్కడుంటారండీ?"

"గుణదలలోనే. పొద్దున నేనే చూశానుగా. ఎందుకు?"

ఆమోసు ఫోన్‌ని బాబీ నోటి దగ్గర పెట్టాడు. బాబీ నోరు తెరిచాడు. ఇది తన ఇల్లంటే కొడుకు సీటు పోతుంది, కాదంటే ఇల్లే పోతుంది. అబద్ధమాడటం నేర్పని బడిలో ఇలాంటి చిక్కుకి జవాబు కూడా నేర్పలేదు. "ఏం లేదు మేడం. ఊరికే చేశాం," అని తనే ఫోన్ కట్ చేశాడు.

ఆ రాత్రి జెస్సికా పుట్టింటికి వెళ్ళిపోయింది. బాబీ తన విల్లాలో, గెస్ట్ రూములో, తన మడత మంచం మీద పడుకున్నాడు. మర్నాడు శౌరమ్మ బాల్కనీలో చీరలు ఆరేసి, ఎండు చేపల పులుసు పెట్టింది. విల్లాల సంఘం నుంచి మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఫౌజియా అక్కడి నుంచే డ్యూటీకి వెళ్ళి వస్తోంది. ఆమోసు వాళ్ళెవరూ కోపంగా లేరు, గట్టిగా మాట్లాడలేదు, దేన్నీ పాడుచేయలేదు. ఉంటున్నారంతే. బాబీ పొద్దున టిఫినుకి కూర్చుంటే శౌరమ్మ, "మా ఇల్లు సుఖంగా ఉందా నాయనా? ట్యాపు కారుతుంటే కాస్త గట్టిగా తిప్పు," అని కూడా చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం బాబీ పూతరేకుల డబ్బాతో వచ్చి ఆమోసు ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు ఫౌజియా డ్యూటీలో ఉంది.

"సంఘంలో మాట్లాడానండీ. గౌరవ పూర్వ విద్యార్థి అని ఒకటుంది. బడికి మేలు చేసినవాళ్ళకి ఇస్తాం. మీ అమ్మ గారు ఇన్నేళ్ళు బంతులు విసిరారుగా, ఆ లెక్కన మీకిస్తాం. అప్పుడు మీరూ మాలో ఒకరు. మీ పాపకి మొదటి ప్రాధాన్యం."

"మరి ఇల్లు? మా అడ్రసులో ఖాళీ లేదన్నారుగా?"

"మేడం ఒప్పుకున్నారు. పైన, ట్యాంకు పక్కన ఎనిమిదో కుటుంబం ఉందని రాసుకుంటారు. అలా అయితే ఎవరూ అబద్ధమాడినట్టు ఉండదు."

"మీ ఏడుగురివీ?"

"అవీ ఉంటాయి. ఎవరికీ నష్టం లేదు."

"నాకు రెండు సీట్లు కావాలి. ఫౌజియా కొడుకు కూడా ఉన్నాడు."

"గౌరవ సభ్యత్వం ఏడాదికి ఒక్కటేనండీ. ఉన్నది ఒక్కటే సీటు. ఇప్పుడే చెప్పాలి."

వంటింటి గుమ్మంలోంచి మార్త అంది, "ఇద్దరికీ అనుకున్నాం కదండీ. ఒక్కళ్ళకే అంటే మొహాన కొడదామన్నది మీరే."

మెట్ల మీద క్రిస్టినా, అమన్ బడి ఆట ఆడుకుంటున్నారు. క్రిస్టినా టీచరు, అమన్ ముప్పై మంది పిల్లల తరఫున "ప్రెజెంట్ మిస్" అంటున్నాడు. ఆమోసు చాలాసేపు వాళ్ళని చూశాడు. తర్వాత పూతరేకుల డబ్బా మూత తీశాడు.

"ముందు ఒకళ్ళం లోపలికి వెళ్తే," అన్నాడు మార్త వైపు చూడకుండా, "లోపల ఉండి రెండోవాళ్ళ సంగతి చూడొచ్చు."

మార్త పూతరేకు ముట్టుకోలేదు. సాయంత్రం ఫౌజియాకి చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, అరవలేదు. నవారు మంచాలు ఆటోలో ఎక్కించుకుంటూ, "లోపలికెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.

"ఒట్టు చెల్లెమ్మా. వచ్చే ఏడు అమన్ సీటు నా పూచీ."

జూన్‌లో క్రిస్టినా ఇంటి వెనక గోడ చుట్టూ తిరిగి, ముందు గేటులోంచి బడికి వెళ్ళింది. మొదటి రోజు హాజరులో అలవాటు కొద్దీ అందరి పేర్లకీ తనే పలికి చీవాట్లు తింది. అమన్‌ని పొద్దున్నే రామవరప్పాడు అవతలి బడికి వ్యాన్‌లో పంపుతున్నారు. శనివారాలు ఆ బడికి సెలవు. ఆ రోజుల్లో వాడు ఆమోసు పెరట్లోకి వచ్చి బట్టలుతికే బండ ఎక్కుతాడు. శౌరమ్మ వాడికి బంతులిస్తుంది, అవతలికి విసరమని. ఆ ఏడు కుటుంబాల కార్లూ రోజూ పొద్దున్నే ఆమోసు గుమ్మం ముందే ఆగుతాయి, ఎందుకంటే వాళ్ళ అడ్రసు అదే.

ఆమోసు సంఘంలో చేరాడు. మొదటి సమావేశానికి మొహమాటంగా వెళ్ళాడు, రెండోదానికి టై కట్టుకుని వెళ్ళాడు. మూడోదానికి అతన్ని అడ్మిషన్ల కమిటీలో వేశారు, చుట్టుపక్కల ఇళ్ళ సంగతి బాగా తెలిసినవాడని. బడి పాట కూడా నేర్చుకున్నాడు. పల్లవి వచ్చినంత బాగా చరణాలు రావు గానీ, పాడేటప్పుడు కళ్ళు మాత్రం తుడుచుకుంటాడు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. తిరునాళ్ళ జనానికి శౌరమ్మ వరండాలో చాపలు వేస్తోంది. ఈసారి ఫొటో తీసుకోబోయినవాళ్ళందర్నీ ముందు పిల్లలున్నారా అని అడుగుతోంది. ఆ సందట్లో ఫౌజియా గేటు తీసుకుని వచ్చింది. ఆమోసు సంఘం మీటింగుకి బయలుదేరుతూ జేబుకి బ్యాడ్జి పెట్టుకుంటున్నాడు.

"రెండో తరగతిలో ఒక ఖాళీ వచ్చిందంట కదా అన్నయ్యా. ఇప్పుడు మీరే కమిటీలో ఉన్నారు. అమన్ కోసం ఒక మాట చెప్తారా?"

ఆమోసు బ్యాడ్జి సరిచేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చూడు చెల్లెమ్మా, బయట నుంచి చూస్తే ఇదంతా అన్యాయంలాగే కనపడుద్ది. నేను కాదనను. కానీ ఆ ఖాళీ కోసం మా పాత విద్యార్థులే నలుగురు అడుగుతున్నారు. బడి కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డ మావాళ్ళని కాదని, ఇల్లు దగ్గర కదా అని అందరికీ ఇచ్చుకుంటూ పోతే, ఇక మా బడికి విలువేముంటుంది? నువ్వే చెప్పు."

లోపల మార్త చేతిలోని గిన్నె గట్టు మీద గట్టిగా పెట్టిన చప్పుడైంది. ఫౌజియా అతని బ్యాడ్జి వైపు, తర్వాత అతని మొహం వైపు తీరిగ్గా చూసింది.

"మీది ఏ బ్యాచ్ అన్నయ్యా?" అని అడిగింది.

ఆమోసు ఆ బడిలో ఒక్క రోజు కూడా చదవలేదు గానీ, అక్కడి పాఠం మాత్రం అతనికి బాగా వంటబట్టింది.